వృద్ధాప్యంలో మూత్రావరోధం: ఇందూరు–బోధన్ సీమ నుంచి ఒక వైద్య చరిత్ర

మంజీర నదిపై అచ్చంపేట వద్ద నిజాంసాగర్ ఆనకట్ట 1931 నాటికి పూర్తయింది. ఆ నీటి ఆధారంగానే మరికొన్నేళ్లకు, 1937–38 ప్రాంతంలో, బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఈ రెండు ఘటనలూ నిజామాబాదు జిల్లా ఆర్థిక జీవనాన్ని ఎట్లా మలచాయో చరిత్రకారులు తగినంత విపులంగానే రాశారు. కాలువల పొడవు, ఆయకట్టు విస్తీర్ణం, కర్మాగారం గానుగాడిన చెరకు టన్నులు, కార్మిక సంఘాల పోరాటాలు, అన్నీ గ్రంథస్థమయ్యాయి. అయితే ఆ నీటిని మళ్లించి, ఆ చెరకును నరికి, ఆ యంత్రాల ముందు నిలబడి బతుకు వెళ్లదీసి, తమ తాతలకన్నా ఎక్కువకాలం జీవించిన పురుషులు, అరవయ్యో డెబ్బయ్యో ఏట చీకటిలో పలుమార్లు లేచి, గోడ పట్టుకొని నిలబడి, రాని మూత్రం కోసం నిరీక్షించిన బాధ మాత్రం ఏ చరిత్రలోనూ చోటు చేసుకోలేదు. ప్రోస్టేటు గ్రంథి పెరుగుదల అనే ఈ సర్వసాధారణమైన వార్ధక్య వికారం ఈ సీమలో ఎట్లా అర్థమైందో, దానికి చికిత్స ఏ మార్గాల్లో వచ్చి చేరిందో పరిశీలించడమే ఈ వ్యాస ప్రయోజనం.

ముందుగా ఆయుర్దాయాన్ని గురించి చెప్పుకోవాలి. 1951 ప్రాంతంలో భారతదేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. నేడది 70కి చేరువలో ఉంది. ముప్పై రెండన్న సంఖ్యలో శిశుమరణాల భారం పెద్దది కాబట్టి, ఆనాడు వృద్ధులే లేరని దీని అర్థం కాదు. బాల్యాన్నీ, మహమ్మారులనూ దాటినవారిలో డెబ్బై ఏళ్లు బతికినవారు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. కాని సమాజంలో వారి నిష్పత్తి స్వల్పం. యాభై దాటిన పురుషులలో సగంమందిలోనూ, ఎనభై దాటినవారిలో పదింట తొమ్మిదిమందిలోనూ ఈ గ్రంథిలో సూక్ష్మదర్శినికి కనిపించే మార్పు, యాభై దాటినవారే కొద్దిమందిగా ఉన్న సమాజంలో సామూహిక సమస్యగా కనిపించకపోవడం సహజం. మశూచి, కలరా, ప్లేగు ఊళ్లను తుడిచిపెడుతున్న కాలంలో ఒక ముసలివాని మూత్రబాధకు రాజ్యం దృష్టిలోనూ వైద్యుని దృష్టిలోనూ స్థానం దొరకలేదంటే, అందులో నిర్దయకన్నా తొందర ఎక్కువ.

మూత్రాశయానికి దిగువన, మూత్రనాళపు తొలిభాగాన్ని చుట్టుకొని ఉండే ప్రోస్టేటు గ్రంథి యౌవనంలో ఇంచుమించు 20 గ్రాముల బరువుంటుంది. వీర్యంలోని ద్రవభాగాన్ని కొంతమేరకు సమకూర్చడం దాని ధర్మం. నలభై దాటిన తరువాత, నాళాన్ని ఆనుకొని ఉన్న అంతర్భాగంలో కణజాలం బుడిపెలు బుడిపెలుగా పెరగనారంభిస్తుంది. వృషణాల నుంచి వెలువడే పురుష హార్మోను ఈ పెరుగుదలకు ఆవశ్యకం. యౌవనారంభానికి ముందే వృషణాలు కోల్పోయినవారిలో ఇది కనిపించదు. పెరుగుదల నాళాన్ని నొక్కుతుంది, గ్రంథిలోని మృదుకండరాలు బిగుసుకొని ఆ ఒత్తిడిని హెచ్చిస్తాయి. తూము దగ్గర మట్టి పూడుకొన్న పంటకాలువలో వెనుక నీరు ఎగదన్ని గట్టును కోసినట్టు, మూత్రాశయం తొలుత మరింత బలంగా సంకోచించి, దాని గోడలు మందమై, అకారణంగా ఉలికిపడే స్వభావాన్ని పొంది, చివరకు అలసిపోతుంది. ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, పోసిన తరువాతా మిగిలి ఉన్నట్టు తోచడం అవరోధపు లక్షణాలు. మాటిమాటికీ వెళ్లవలసి రావడం, ఆపుకోలేకపోవడం, రాత్రి నిద్ర చెడటం మూత్రాశయపు ప్రతిస్పందనలు. గ్రంథి పరిమాణానికీ బాధ తీవ్రతకూ నేరైన అనుపాతం లేదన్నది గ్రహించవలసిన విషయం. ఎనభై గ్రాముల గ్రంథితో సుఖంగా నిద్రించేవారున్నారు. ముప్పై గ్రాములకే మూత్రం పూర్తిగా బంధించినవారూ ఉన్నారు. ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారేదీ కాదు. కాని రెండూ ఒకే గ్రంథిలో, ఒకే వయసులో సంభవించగలవు గనుక ఒకదాన్ని చూసినప్పుడు రెండోదాన్ని మరవరాదు.

భారతీయ వైద్య వాఙ్మయానికి ఈ బాధ అపరిచితం కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో మూత్రాఘాతాలను, అంటే మూత్రం అడ్డగించే రోగాలను, పన్నెండు విధాలుగా వర్గీకరించింది. చరక సంహిత సిద్ధిస్థానం పదమూడింటిని చెప్పింది. వాటిలో వాతాష్ఠీల అనేది, మలమార్గానికీ మూత్రాశయానికీ నడుమ రాయివలె కఠినమై ఉబికిన గ్రంథిగా, మలమూత్రవాయువులను అడ్డగించేదిగా వర్ణితమైంది. ఈ స్థాన నిర్దేశం ప్రోస్టేటుకు ఎంత దగ్గరగా ఉన్నా, ప్రాచీనులు ఆ గ్రంథిని ప్రత్యేకాంగంగా గుర్తించారని దీని ఆధారంగా తీర్మానించడం అతివ్యాప్తి దోషమే అవుతుంది. వారు చూసింది రోగిని; అవయవాన్ని కాదు. వార్ధక్యం వాతప్రధానమనీ, మూత్రబంధం వాతప్రకోపజన్యమనీ వారు చేసిన ఊహ, వయసుకూ ఈ రోగానికీ ఉన్న బంధాన్ని తనదైన పరిభాషలో పట్టుకొన్నది. గొట్టాల వంటి నాడీయంత్రాలతో మూత్రాన్ని వెలికితీసే విధానాన్నీ, మూత్రమార్గం గుండా ఔషధాన్ని ఎక్కించే ఉత్తరవస్తినీ సుశ్రుతుడు చెప్పాడు. తెలుగునాట బసవరాజీయం వంటి గ్రంథాలను ఆశ్రయించిన వైద్యులు పల్లేరు, ఉలిమిరి, కొండపిండి, అటికమామిడి వంటి మూలికలను కషాయాలుగా ఇచ్చారు. నిజాము రాజ్యంలో ఆదరణ పొందిన యునానీ హకీములకూ మూత్రబాధల చికిత్సలో తమదైన సంప్రదాయముండేది. ఈ మందులలో కొన్ని మూత్రపు మంటను తగ్గించి ఉండవచ్చు, కొన్ని మూత్రాన్ని హెచ్చించి ఉండవచ్చు. నాళాన్ని నొక్కుతున్న కణజాలాన్ని అవి కరిగించగలవనడానికి నిలకడైన సాక్ష్యం మాత్రం నేటికీ లేదు. మూత్రం పూర్తిగా బంధించినవానికి మూత్రాన్ని హెచ్చించే కషాయం ఉపకారం చేయకపోగా నొప్పిని పెంచుతుందన్నది ఈనాటికీ గ్రామాల్లో చెప్పవలసిన మాటే.

పాశ్చాత్యంలోనూ పరిస్థితి చిరకాలం దీనికన్నా మెరుగ్గా లేదు. పదహారో శతాబ్దంలో వెసేలియస్ గ్రంథిని చిత్రించినా, చికిత్స అంటే గొట్టం దూర్చి మూత్రం తీయడమే. 1860ల ప్రాంతంలో ఫ్రెంచి వైద్యుడు నెలటాన్ మెత్తని రబ్బరు గొట్టాన్ని ప్రవేశపెట్టిన తరువాత, సంపన్న వృద్ధులు దాన్ని వెంటబెట్టుకొని తిరుగుతూ తామే రోజుకు పలుమార్లు వాడుకొనేవారు. సూక్ష్మజీవుల జ్ఞానం అరకొరగా ఉన్న ఆ రోజుల్లో ఆ గొట్టమే మూత్రాశయానికీ, అక్కణ్ణుంచి మూత్రపిండాలకూ చీమును చేరవేసింది. 1890లలో హార్మోను సంబంధాన్ని లీలగా గ్రహించిన కొందరు శస్త్రవైద్యులు వృషణాలను తొలగించడాన్నే చికిత్సగా ప్రతిపాదించారు. ఫలితం అనిశ్చితం, మరణాలు తక్కువేమీ కావు గనుక ఆ పద్ధతి త్వరలోనే వెనుకబడింది.

ఈ కథ నిర్ణాయకమైన మలుపు తిరిగినప్పుడు, దాని వేళ్లు భారతదేశంలోనే ఉండటం విశేషం. ఐర్లండులోని గాల్వే ప్రాంతంలో 1851లో జన్మించిన పీటర్ ఫ్రేయర్ 1875లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, రెండు దశాబ్దాలపాటు వాయవ్య రాష్ట్రాలలో పనిచేశాడు. మూత్రాశయపు రాళ్లు ఆ ప్రాంతంలో విపరీతం. అమెరికాలో బిగెలో 1878లో ప్రకటించిన పద్ధతి ననుసరించి, పొట్ట కోయకుండా రాతిని లోపలే నలిపి కడిగివేయడంలో ఫ్రేయర్ అసాధారణ నైపుణ్యం సంపాదించాడు. రాంపూర్ నవాబుకు చేసిన చికిత్సకు లక్ష రూపాయల పారితోషికం స్వీకరించి, దాని విషయమై ప్రభుత్వంతో వివాదపడ్డాడు కూడా. 1890ల చివర లండను చేరి సెయింట్ పీటర్స్ ఆస్పత్రిలో కుదురుకొన్న ఈ వైద్యుడు 1900 డిసెంబరు 1న, చిరకాలంగా గొట్టంపై ఆధారపడి ఉన్న 69 ఏళ్ల రోగికి పొత్తికడుపు కింద కోసి, మూత్రాశయాన్ని తెరిచి, నాళాన్ని నొక్కుతున్న గడ్డను వేలితో ఒలిచి బయటికి తీశాడు. రోగి కోలుకొన్నాడు. మరుసటి ఏడు ప్రచురితమైన ఆ వివరం ప్రపంచవ్యాప్తంగా శస్త్రవైద్యుల దృష్టి నాకర్షించింది.

ఫ్రేయర్ ఘనతను తూచేటప్పుడు తక్కెడ నిలకడగా పట్టుకోవాలి. లీడ్సులో మెక్‌గిల్ 1887 నుంచీ, న్యూయార్కులో యూజీన్ ఫుల్లర్ 1894 నుంచీ ఇదే మార్గంలో నడిచారు; ఫుల్లర్ పద్ధతి మరో అమెరికను వైద్యుని ద్వారా ఫ్రేయర్ చెవిని పడిందనీ, ఆ ఋణాన్ని ఆయన మనస్ఫూర్తిగా అంగీకరించలేదనీ వైద్యచరిత్రకారులలో బలమైన అభిప్రాయముంది. గ్రంథిని సమూలంగా తీశానన్న ఆయన వాదమూ శరీరశాస్త్రజ్ఞుల పరీక్షకు నిలవలేదు. ఒలిచింది లోపలి పెరుగుదలను మాత్రమే. నొక్కుడుపడి పలచనైన అసలు గ్రంథి పొరగా అక్కడే మిగిలింది. ఇంతమాత్రాన ఆయన చేసిన పని విలువ తగ్గదు. 1912 నాటికి వెయ్యి శస్త్రచికిత్సల అనుభవాన్ని ప్రకటిస్తూ, మరణాలను నూటికి అయిదారుకు పరిమితం చేయగలిగానని చూపడం వల్లనే, వృద్ధుని మూత్రావరోధం భరించవలసిన విధిగా కాక తొలగించదగిన అడ్డంకిగా గుర్తింపు పొందింది. రాళ్ల రోగులపై భారతదేశంలో తేరిన చేతి నేర్పు ఆయనకు ఆ ధైర్యాన్నిచ్చిందని అనుకోవడం అసంగతం కాదు. ఆ విద్య నేర్పిన దేశపు గ్రామీణ వృద్ధునికి దాని ఫలం అందడానికి మాత్రం మరో అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

నిజాము రాజ్యం వైద్యంలో వెనుకబడినదేమీ కాదు. 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల వెలిసింది. 1885 నుంచి రెసిడెన్సీ సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, నిజాము ప్రభుత్వ వ్యయంతో, 1888, 1889లలో క్లోరోఫాం మత్తు భద్రతను పరీక్షించిన క్లోరోఫాం కమిషన్ల పేరు లండను వైద్య పత్రికల దాకా పాకింది. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోగా, దాని స్థానంలో ఏడో నిజాము కాలంలో నిర్మితమైన ఉస్మానియా ఆస్పత్రి, ఇరవయ్యో శతాబ్దపు రెండో పాదం నుంచి రాజ్యమంతటికీ శస్త్రచికిత్సా కేంద్రమైంది. కాని ఈ వైభవమంతా రాజధానిది. ఇందూరు పట్టణానికి రైలు వచ్చింది, 1905 ప్రాంతంలో నిజామాబాదు అన్న పేరూ వచ్చింది. జిల్లాలో దేశవ్యాప్త ఖ్యాతి గడించిన వైద్యసంస్థ మాత్రం డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో నెలకొల్పిన కుష్ఠువ్యాధి ఆస్పత్రి. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ ఔదార్యం దానికి తోడ్పడింది. సమాజం వెలివేసిన రోగులకు ఆ సంస్థ చేసిన సేవ నిరుపమానం. అదే సమయంలో, నాటి వైద్యవ్యవస్థ శక్తియుక్తులు ఎటువైపు ప్రవహించాయో కూడా అది చూపుతుంది. అంటువ్యాధులూ, ప్రసూతి మరణాలూ ముందు వరుసలో ఉండగా వార్ధక్య రోగాలు వంతు రాని వరుసలో నిలిచాయి.

నిజాంసాగర్ నీరు పారిన తరువాత ఈ సీమ జనాభా స్వరూపమే మారింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో రూపొందిన ఆ ప్రాజెక్టు 2.75 లక్షల ఎకరాల ఆయకట్టును ఉద్దేశించింది; కృష్ణా గోదావరి డెల్టాల నుంచి వచ్చిన రైతులు బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలలో భూములు కొని స్థిరపడగా వారి ఊళ్లు నేటికీ క్యాంపులుగానే వ్యవహారంలో ఉన్నాయి. ఆసియాలోనే పెద్దదిగా ఒకప్పుడు పేరొందిన చక్కెర కర్మాగారం తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే కార్మికులను ఒకచోటికి చేర్చింది. నికరమైన తిండి, నెల జీతం, మంచి గిట్టుబాటు ఈ తరాన్ని వృద్ధాప్యం దాకా నడిపించాయి. వృత్తి స్వభావం ఈ రోగాన్ని దాచడంలోనూ బయటపెట్టడంలోనూ పాత్ర వహించిందని నా అభిప్రాయం. చెరకుతోటలో పనిచేసే మనిషికి గట్టు ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. గంటకోసారి పక్కకు వెళ్లడం అతనికీ తోచదు, చూసేవారికీ తోచదు. రాత్రిపూట కరెంటు వచ్చినప్పుడు మోటారు పెట్టడానికి లేచే రైతుకు నిద్రాభంగం రోగలక్షణంగా కనిపించదు. యంత్రం వదలి కదలరాని కర్మాగార కార్మికునికి మాత్రం ఆపుకోలేని మూత్రం ఉద్యోగ సమస్యగానే ఎదురవుతుంది. పొలం మానేసి పట్నంలో కొడుకు ఇంటికి వచ్చిన తండ్రి విషయంలో, ఏళ్లతరబడి ఉన్న బాధ ఒక్కసారిగా కుటుంబం కంటబడటానికి కారణమూ ఈ పరిసరాల మార్పే కావచ్చు.

1950, 60లలో ఈ ప్రాంతపు రోగికి మూత్రం పూర్తిగా బంధిస్తే దారి దీర్ఘమైనది. బోధన్ నుంచి నిజామాబాదు పాతిక కిలోమీటర్లు. అక్కడ పైపు వేసి మూత్రం తీయగలిగినా, ఆపరేషను కోసం ఉస్మానియాకు మరో 175 కిలోమీటర్లు పోవాలి. నాటి శస్త్రచికిత్స తరచు రెండు విడతలుగా సాగేది. ముందు పొత్తికడుపు ద్వారా గొట్టం అమర్చి, వారాల తరబడి మూత్రపిండాలను తేరుకోనిచ్చి, తరువాత గడ్డను తీసేవారు. 1945లో మరో ఐరిష్ వైద్యుడు టెరెన్స్ మిలిన్, మూత్రాశయాన్ని తెరవకుండానే గ్రంథిని ముందువైపు నుంచి చేరుకొనే పద్ధతిని ప్రకటించాడు. యాదృచ్ఛికంగా ఆ ప్రకటన తేదీ కూడా డిసెంబరు 1, ఫ్రేయర్ తొలి ఆపరేషనుకు సరిగ్గా 45 ఏళ్లకు. రక్తస్రావం తగ్గింది, ఒకే విడతలో పని ముగిసింది. అయినా కత్తి నైపుణ్యమొక్కటే వృద్ధులను బతికించలేదు. వెన్నులోకి ఇచ్చే మత్తు, రక్తనిధులు, 1930లలో ఫోలీ రూపొందించిన బుడగ గొట్టం, అన్నింటికన్నా మిన్నగా సూక్ష్మజీవినాశకాలు కలిసి ఆ మార్పును సాధించాయి. 1948లో ప్రపంచానికి అందిన ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ఔషధ సంస్థలో నడిపిన పరిశోధనల ఫలం. మూత్రమార్గంలో చీము పట్టి మరణించే వృద్ధుల సంఖ్య తగ్గడంలో ఆ కోవకు చెందిన మందులకు భాగముంది.

కోత లేకుండా మూత్రనాళం గుండానే లోపలికి వెళ్లి, విద్యుత్తు ప్రవహించే తీగ వలయంతో గ్రంథిని పలుచని ముక్కలుగా చెక్కి తీసే పద్ధతి అమెరికాలో 1926–32 నడుమ స్టెర్న్, డేవిస్, మెకార్తీల చేతుల్లో రూపుదిద్దుకొన్నా, మసకగా కనిపించే కటకాల కారణంగా అది చాలాకాలం కొద్దిమంది నిపుణుల విద్యగానే మిగిలింది. 1960 ప్రాంతంలో ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ కనిపెట్టిన గాజుకడ్డీల కటక వ్యవస్థ ఆ మసకను తొలగించింది. అనంతరం ఈ పద్ధతి ప్రామాణిక చికిత్సగా లోకమంతా వ్యాపించి, మన రాజధానిలోని పెద్దాస్పత్రుల మీదుగా జిల్లా పట్టణాల ప్రైవేటు నర్సింగుహోముల దాకా దిగివచ్చింది. దీనికీ పరిమితులున్నాయి. కడగడానికి వాడే ద్రవం రక్తంలో చేరి సోడియం పడిపోయే ప్రమాదం ఉండేది. ఉప్పునీటితో పనిచేసే నవీన పరికరాలు దాన్ని దాదాపు నివారించాయి. ఆపరేషను తరువాత వీర్యం వెలికి రాక మూత్రాశయంలోకి మళ్లడం సర్వసాధారణం. అది హాని కాదు గాని, ముందుగా చెప్పకపోతే రోగి మనసు కలతపడుతుంది. న్యూజిలాండులో గిల్లింగ్ బృందం 1990లలో అభివృద్ధి చేసిన హోల్మియం లేజరు పద్ధతి ఎంత పెద్ద గ్రంథినైనా లోపలినుంచే ఒలుస్తుంది. వేలితో ఫ్రేయర్ పట్టుకొన్న పొర వెంబడే నేడు కాంతి సాగుతోంది. లేజరు పేరు వినగానే అన్ని విధాలా శ్రేష్ఠమని భావించడం మాత్రం సరికాదు. చేసే చేతి అనుభవం అక్కడా ప్రధానమే.

మందుల కథ ఇంతకన్నా ఇటీవలిది. 1970ల మధ్యలో జెరూసలేం వైద్యుడు మార్కో కేన్, గ్రంథిలోని మృదుకండరాలను సడలించే ఔషధాలు ధారను మెరుగుపరుస్తాయని చూపాడు. ఆ దారిలో వచ్చినవే 1990లలో ప్రచారంలోకి వచ్చిన టామ్సులోసిన్ వంటివి. ఇవి కొద్ది రోజుల్లోనే ఉపశమనమిస్తాయి, కాని గ్రంథిని చిన్నది చేయవు. రెండో వర్గపు మందుల మూలం కరీబియన్ ద్వీపంలోని ఒక గ్రామం. డొమినికన్ రిపబ్లికులో ఒక జన్యులోపం ఉన్న కుటుంబాలను పరిశీలించిన ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం 1974లో ప్రకటించిన వివరాల వల్ల, టెస్టోస్టిరోనును మరింత తీక్ష్ణమైన రూపంలోకి మార్చే ఎంజైము లేనివారిలో ప్రోస్టేటు చిన్నదిగానే ఉండిపోతుందని తేలింది. ఆ ఎంజైమును నిరోధించే ఫినాస్టరైడ్‌కు 1992లో అమెరికాలో అనుమతి లభించింది. ఉత్పత్తికి కాక తయారీ విధానానికి మాత్రమే పేటెంటునిచ్చిన 1970 నాటి భారత చట్టం ఆసరాగా, హైదరాబాదులో ప్రభుత్వరంగ ఔషధ సంస్థ ఐ.డి.పి.ఎల్.లో ఓనమాలు దిద్దుకొన్న కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ, ఈ మందును ఫినాస్ట్ పేరిట మన విపణిలోకి తెచ్చింది. 2006లో అమెరికా పేటెంటు ముగిసినప్పుడు, మూలసంస్థ మెర్క్ అనుమతితో అదే మందును అక్కడ అమ్మింది కూడా ఈ సంస్థే. లండను, జెరూసలేంల జ్ఞానం బోధన్ మందుల దుకాణానికి భరించగల ధరలో చేరడానికి ఈ పారిశ్రామిక చరిత్రే వారధి.

ఫినాస్టరైడ్ పనిచేయడానికి ఆరునెలల ఓపిక కావాలి. గ్రంథిని నాలుగోవంతు మేర కుదిస్తుంది, కొందరిలో కామేచ్ఛను తగ్గిస్తుంది, క్యాన్సరు సూచికగా చూసే పి.ఎస్.ఎ. విలువను సగానికి దించుతుంది కాబట్టి ఆ పరీక్షను చదివే వైద్యునికి ఈ సంగతి తెలిసి ఉండాలి. మూడువేల మందికి పైగా పురుషులపై నాలుగేళ్లకు మించి సాగి 2003లో వెలువడిన అమెరికా అధ్యయనం, రెండు వర్గాల మందులనూ కలిపి వాడితే రోగం ముదరడం మూడింట రెండువంతులు తగ్గుతుందని చూపింది. పెద్ద గ్రంథి ఉన్నవారికే ఈ జోడింపు ముఖ్యంగా ఉపకరిస్తుంది. టామ్సులోసిన్ వాడేవారు లేచి నిలబడినప్పుడు తల తిరగవచ్చు. కంటి శుక్లాల ఆపరేషనులో కనుపాప వదులై చిక్కు తెస్తుందని 2005లో తేలింది గనుక, ఆ విషయం కంటి వైద్యునికి ముందే చెప్పాలి. దీనికి విరుద్ధంగా, జలుబుకు ఊళ్లో ఆర్.ఎం.పి. వైద్యుడు ఇచ్చే కొన్ని మాత్రలూ దగ్గుమందులూ గ్రంథి పెరిగినవారిలో మూత్రాన్ని ఉన్నట్టుండి బంధించగలవు. చలికాలపు రాత్రి ఆస్పత్రికి పరుగెత్తిన వృద్ధుని కథలో ఈ చిన్న మాత్రకు పాత్ర ఉందేమోనని ప్రతి వైద్యుడూ అడగవలసిందే.

గత రెండు దశాబ్దాల్లో ప్రభుత్వ వైద్యం ఈ సీమకు కొంత దగ్గరైంది. 2005లో మొదలైన 108 అంబులెన్సు వాహనాలు, 2007లో ఆరంభమై మరుసటి ఏటికి నాటి ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ వైద్య బీమా పథకం, 2013లో నిజామాబాదులో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాల ఆ క్రమంలో మైలురాళ్లు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఇదే కాలంలో ఆర్థిక పునాది మరోవైపు కుంగింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి మారిన చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడగా, పనిచేసి వయసు మళ్లిన కార్మికులు వైద్యం అత్యంత అవసరమైన దశలోనే ఆదాయం కోల్పోయారు. జిల్లా యువకులు పెద్దసంఖ్యలో గల్ఫుకు వలసపోవడం వల్ల, తండ్రిని ఆస్పత్రికి తీసుకుపోవలసిన కొడుకు చాలా ఇళ్లలో దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నాడు. మూత్రపు పైపు, సంచీ చూసుకొనే భారం భార్యపైనో కోడలిపైనో పడుతుంది. ఆమెకు చెప్పుకోలేని బిడియమే పలువురు పెద్దలను బాధ ముదిరేదాకా మౌనంగా ఉంచుతోంది. ఈ ఆలస్యాన్ని అజ్ఞానమని నిందించడం అన్యాయం. పోవలసిన దూరం, పెట్టవలసిన ఖర్చు, తోడులేని ఒంటరితనం కలిసి తీసుకొన్న నిర్ణయమది.

ఆలస్యానికి మూల్యం మాత్రం పెద్దది. మూత్రాశయంలో నిలిచిన మూత్రం రాళ్లకూ, పదేపదే జ్వరాలకూ దారితీస్తుంది. కొందరిలో నొప్పి లేకుండానే మూత్రపిండాలు ఉబ్బి శక్తి కోల్పోతాయి. రాత్రి పక్క తడవడం తప్ప ముందు సూచన కూడా ఉండకపోవచ్చు. మధుమేహమున్నవారిలో అతిమూత్రమూ, నరాలు దెబ్బతిన్న మూత్రాశయమూ ఇదే రూపంలో కనిపిస్తాయి గనుక, గ్రంథిని కోస్తే బాధ పోతుందని తొందరపడి నిర్ణయించరాదు. మూత్రంలో రక్తం కనిపిస్తే దాన్ని వేడి చేసిందని తోసిపుచ్చకుండా కారణం తేల్చుకోవాలి. ఒక్కసారి మూత్రం బంధించి పైపు పడినంతమాత్రాన ఆపరేషను తప్పదనుకోవడమూ పొరపాటే. సడలింపు మందు రెండు మూడు రోజులు వాడి పైపు తీసి చూస్తే, చాలామంది తిరిగి తమంతట తామే పోయగలుగుతారు. మళ్లీ మళ్లీ బంధించినప్పుడు, రాళ్లు ఏర్పడినప్పుడు, మూత్రపిండాలు దెబ్బతింటున్నప్పుడు శస్త్రచికిత్సను వాయిదా వేయడం క్షేమం కాదు. బాధ స్వల్పమైతే మందూ అక్కర్లేదు. సాయంత్రం తరువాత నీరూ టీ తగ్గించడం, ఏడాదికోసారి చూపించుకోవడం చాలు.

బాధ తీవ్రతను కొలవడానికి 1992లో అమెరికా మూత్రవైద్యులు రూపొందించిన ఏడు ప్రశ్నల పట్టిక నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ధార సన్నబడిందా, ముక్కవలసి వస్తోందా వంటి ప్రశ్నలకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. మొత్తం 35లో ఏడు దాకా అయితే స్వల్పం, ఇరవై లేదా ఆపైన అయితే తీవ్రం. దీనికి యంత్రం అక్కర్లేదు, వైద్యుడు కూడా అక్కర్లేదు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కార్యక్రమంలో తెలంగాణ ప్రతి పల్లెకూ కంటి పరీక్షను తీసుకుపోగలిగింది; ఆ శిబిరాల బల్లల ముందు వరుసకట్టిన పెద్దలే ఈ రోగులు కూడా. అటువంటి శిబిరాల్లోనే, ఒక మగ ఆరోగ్య కార్యకర్త కాస్త చాటుగా కూర్చోబెట్టి ఈ ఏడు ప్రశ్నలూ తెలంగాణ పలుకుబడిలో అడిగి, ఎక్కువ మార్కులు వచ్చినవారిని బోధన్ ప్రభుత్వాసుపత్రికి పంపితే, మూత్రపరీక్ష, రక్తంలో క్రియాటినిన్, పోసిన తరువాత ఎంత మిగిలిందో చూపే అల్ట్రాసౌండు, ఈ మూడింటితోనే ఎవరికి మందు సరిపోతుందో, ఎవరు నిజామాబాదు దాకా పోవాలో చాలావరకు తేలిపోతుంది.